మొలిచిన చెనక్కాయ మూడు వారాలకే ఎందుకు వాడిపోతోంది?

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె పక్కన ఒక పల్లె. మూడెకరాల ఎర్రనేల, మెట్ట చేను. వాననే నమ్ముకోని ఏటా చెనక్కాయే వేస్తాము. ఇత్తనం ఇంట్లోదే. రెండేండ్లుగా మొలక బాగానే వస్తా ఉండాది గానీ, ఇరవై, ఇరవై అయిదు దినాలకి ఒక్కొక్క మొక్కే వాడి పడిపోతా ఉండాది. పీకి చూస్తే నేల దగ్గర కాండం నల్లంగా, మసి పూసినట్టు ఉంటాది. వేపచెట్ల పక్క ఎకరంలో మాత్రం మసి లేదు, వేర్లు ఎవరో కొరికినట్టు ఉంటాయి. ఈసారి ఇత్తనానికి మందు పట్టించమని రైతు సేవా కేంద్రంలో చెప్పినారు. మా బావగారేమో మందు పట్టిస్తే నేల చచ్చిపోతుందంటాడు. బెంగుళూరులో ఉండే మా పిల్లోడు అన్ని మందులూ కలిపి పట్టించెయ్యమంటాడు. మడక వెనకాల సాల్లో ఇత్తనం వేసేది నేనూ, మా తోడికోడలూ. బిడ్డలు కూడా చేన్లోనే ఉంటారు. ఏం చెయ్యమంటారు?
ఒక మహిళా రైతు

సమాధానం:

అమ్మా, వాడిన మొక్కను పీకి, మొదలు చూసి, రెండు చోట్లా తేడా గమనించి రాసినారు. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీ చేన్లో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. కాబట్టి మూడెకరాలకూ ఒకే వైద్యం చెయ్యకూడదు.

నేల దగ్గర మసి పూసినట్టు నల్లగా ఉండేది మొదలుకుళ్లు తెగులు. దీన్ని తెచ్చేది ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు. నిలవ ఉంచిన ఎర్రగడ్డల మీద పొరల మధ్య నల్లటి పొడి కనబడుతుంది కదా, అది కూడా ఇదే బూజు. ఇది నేలలోనూ ఉంటుంది, పప్పు మీదా ఉంటుంది. పప్పు పొర చిట్లితే లోపలికి దూరుతుంది. కొన్ని పప్పులు నేలలోనే కుళ్లిపోతాయి, అవి మన కంటికి కనబడవు. కొన్ని మొలిచి, పచ్చగా కనబడి, నెల తిరక్కముందే మొదలు మెత్తబడి పడిపోతాయి. నేల బాగా వేడెక్కి ఉన్నప్పుడు, విత్తనం లోతుగా పడినప్పుడు ఇది మరీ ఎక్కువ. లోతున పడిన మొలక పైకి రావడానికి ఎక్కువ దూరం సాగాలి. ఆ లేత కాండం నేలలో ఎన్నాళ్లుంటే బూజుకు అంత అవకాశం.

వేపచెట్ల పక్క ఎకరంలో ఉన్నది వేరుపురుగు. తొలి పెద్దవానకు నేలలోంచి గోధుమరంగు పెంకు పురుగులు లేచి, పొద్దు గూకగానే వేపచెట్ల మీద వాలి ఆకు తింటాయి. తెల్లారేసరికి మళ్లీ నేలలో దూరి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చే తెల్లటి, వంకర తిరిగిన పురుగులే మీ చెనక్కాయ వేర్లు కొరికేది. అందుకే నష్టం చెట్లకు దగ్గరున్న ఎకరంలోనే ఉంది. ఈసారి వాడిన మొక్క దగ్గర చిన్నపారతో జానెడు లోతు తవ్వి చూడండి, పురుగు చేతికి దొరుకుతుంది.

ఇప్పుడు మీ బావగారి మాట. నేల చచ్చిపోతుందనే భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. నేలను గురించి దిగులు పడే మనిషి ఇంట్లో ఉండడం మంచిదే. అయితే లెక్క చూద్దాం. ఎకరాకు 60 కిలోల పప్పు వేస్తారనుకోండి. కిలోకు 1 గ్రాము చొప్పున టెబుకొనజోల్ 2 డిఎస్ అనే బూజు మందు పొడి పట్టిస్తే ఎకరాకు 60 గ్రాముల పొడి. అందులో అసలు మందు నూటికి 2 పాళ్లే, అంటే గ్రాము మీద కాస్త. ఎకరం నేలకు అంతే. అదే తెగులు వచ్చిన తర్వాత మొదళ్లు తడిచేలా మందు పోయాల్సి వస్తే ఎన్ని ట్యాంకులు పట్టుతాయో బావగారికి మీకంటే బాగా తెలుసు. మందు నేలకు తక్కువ పోవాలంటే విత్తనానికి పట్టించడమే దారి.

కానీ ఆయన మాట పూర్తిగా తప్పూ కాదు. వేరుపురుగుకు వాడే ఇమిడాక్లోప్రిడ్ విషయంలో లెక్క వేరు. 600 ఎఫ్ఎస్ మందు (లీటరులో 600 గ్రాముల అసలు మందు ఉండే ద్రవం) కిలో పప్పుకు 2 మి.లీ. చొప్పున ఎకరాకు 120 మి.లీ. అవుతుంది, అందులో అసలు మందు 72 గ్రాములు. అది నేలలో నెలల తరబడి నిలుస్తుంది, తేనెటీగలకు చెడు చేస్తుంది, పైన పడిన పప్పు ఏరుకు తిన్న పిట్టలకూ ముప్పే. అందుకే పురుగు లేని చోట అది వాడొద్దంటాను. మీ అబ్బాయి అన్నట్టు అన్నీ కలిపి మూడెకరాలకూ పట్టిస్తే, రెండెకరాల్లో ఆ 72 గ్రాములూ వృథాగా నేలలో పోసినట్టే. బిడ్డ ప్రేమతోనే చెప్పినాడు. మీరు చూసిన తేడా ఫోన్లో వాడికి కనబడదు కదా.

కాబట్టి రెండెకరాలకు బూజు మందు ఒక్కటే. వేపచెట్ల పక్క ఎకరంలో మసి కనబడకపోయినా బూజు పప్పు మీదా ఉంటుంది కాబట్టి, దానికి పురుగు మందూ, బూజు మందూ రెండూ.

మందు సంగతికి ముందు పప్పు సంగతి చెప్పాలి, ఎందుకంటే చచ్చిన పప్పును ఏ మందూ బతికించదు. ఇంటి విత్తనం అన్నారు. ఒలవకుండా కాయలుగానే ఉంచి, విత్తడానికి వారం పది రోజుల ముందే ఒలవండి. ఒలిచేటప్పుడు సులువుగా ఉంటుందని కాయ మీద నీళ్లు చిలకరించే అలవాటు మన వైపు ఉంది, ఈసారి అది వద్దు. ఆ తేమే బూజుకు పిలుపు. ఒలిచే మరకు వేస్తే పొర చిట్లిన పప్పు ఎక్కువ వస్తుంది. మూడెకరాలకు చేతితో ఒలవడం కష్టమే, నాకు తెలుసు. కనీసం మరలోంచి వచ్చిన పప్పును చాటలో పోసి ఏరండి. పొర చిట్లినవి, బద్ద విడిపోయినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి తీసెయ్యండి. బూజు పట్టినవి, రంగు మారినవి మాత్రం తినడానికి గానీ గానుగకు గానీ వాడొద్దు.

ఏరిన దాంట్లోంచి ఎంచకుండా నూరు పప్పులు తీసి, తడిపి పిండిన గోనెపట్ట మీద వరసగా పరిచి, చుట్టి, నీడన పెట్టండి. రోజూ కాస్త తడి చూపండి. వారం తర్వాత విప్పి లెక్కపెట్టండి. 70 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు, మన దేశంలో ధ్రువీకరించిన చెనక్కాయ విత్తనానికి కూడా అదే కింది హద్దు. ఆ 70 అంటే ఏమిటో చూడండి. సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల లెక్కన ఎకరాకు సుమారు 1 లక్షా 33 వేల మొక్కలు ఉండాలి. నూరు పప్పులు 40 గ్రాములు తూగితే 60 కిలోల్లో లక్షన్నర పప్పులుంటాయి. నూటికి 70 మొలిస్తే చేతికొచ్చేది లక్షా 5 వేలే. అందులోంచి మొదలుకుళ్లు తన వంతు తీసుకుంటుంది. ‘మొలక బాగానే వస్తా ఉండాది’ అని మీరు రాసినచోట నాకు ఈ లెక్కే గుర్తొచ్చింది. సాలు పచ్చగా కనబడితే బాగానే వచ్చిందనుకుంటాం. ఈసారి లెక్కపెట్టి చూడండి.

ఇక చాలా పుస్తకాలు పట్టించుకోని మాట ఒకటి. మన మెట్ట రైతులు విత్తనశుద్ధి ఎందుకు చెయ్యరు? తెలియక కాదు. వాన రాకపోతే ఆ పప్పు ఏమవుతుందన్న భయం. మామూలు పప్పయితే వాన మొహం చాటేసినా అమ్ముకోవచ్చు, చట్నీకి వాడుకోవచ్చు, నూనె ఆడించుకోవచ్చు. మందు పట్టించిన మరుక్షణం అది విత్తనమే గానీ తిండి కాదు. మూడెకరాల పప్పంటే 180 కిలోలు. అంత సొమ్మును వాననొక్కదాన్నే నమ్మి పణంగా పెట్టమని ఏ రైతుకూ నేను చెప్పలేను.

ఆ పణం పెట్టాల్సిన పని కూడా లేదు. వాన పడి, చేను పదునుకు వచ్చి, రేపు మడక కట్టబోతున్నామని ఖాయమయ్యాకే మందు పట్టించండి. అదీ రేపటికి చాలినంతే. ఎకరం విత్తితే ఎకరానికే. పొడి మందు పట్టించడానికి గంట కూడా పట్టదు. మందు ముందే తెచ్చి, బిడ్డల చేతికి అందని చోట పెట్టుకోండి. జూన్‌లో సన్నజల్లుకు ఆశపడి విత్తొద్దు. పైన తడి, కింద వేడి ఉన్న నేల మొదలుకుళ్లుకు పరిచిన పడక. మంచి వాన పడి నేల చల్లబడాలి. జూలై ఆఖరు దాకా అదును ఉంటుంది.

పట్టించే పద్ధతి చెబుతాను. రెండెకరాలకు: విత్తే రోజు పొద్దున్నే టార్పాలిన్ పట్ట మీద పప్పు పోసి, కిలోకు 1 గ్రాము టెబుకొనజోల్ 2 డిఎస్ పొడి చల్లి, పట్ట నాలుగు కొనలూ ఇద్దరు పట్టుకొని అటూ ఇటూ నిదానంగా దొర్లించండి. ఆ మందు దొరక్కపోతే కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్, అంటే ఎకరాకు 180 గ్రాములు. చేత్తో రుద్దితే చెనక్కాయ పొర ఊడిపోతుంది, పొర ఊడితే మనమే బూజుకు వాకిలి తెరిచినట్టు.

వేపచెట్ల ఎకరానికి: ముందు రోజు సాయంత్రం కిలోకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్ఎస్‌ను కొద్దిపాటి నీళ్లతో కలిపి పట్టించి, నీడన పలచగా ఆరబెట్టండి. పప్పుకు తడి అంటాలే గానీ నానకూడదు. నానితే ఉబ్బి పొర పగులుతుంది. బాగా ఆరిన తర్వాత, పొద్దున పొడి మందు పట్టించండి. చెనక్కాయకు ముందు పురుగు మందు, ఆరాక బూజు మందు, ఈ వరస తిప్పొద్దు. తడి మందు పైన పోస్తే అంటుకున్న పొడి కాస్తా కొట్టుకుపోతుంది. ఈ మోతాదులు మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పేవే. గట్టిగా పని చెయ్యాలని రెట్టింపు పోస్తే మొలకే దెబ్బతింటుంది.

రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే సూక్ష్మజీవి) పొట్లం కూడా కలపమని ఎవరైనా చెబితే, మీకు అంత అవసరం లేదు. ఏటా చెనక్కాయ వేసే నేలలో ఆ సూక్ష్మజీవి ఇప్పటికే ఉంటుంది. వరి మడిలోనో, కొత్తగా చదును చేసిన నేలలోనో మొదటిసారి వేసేవాళ్లకు అది అక్కరకొస్తుంది, ఎకరా విత్తనానికి 200 గ్రాములు, అన్నిటికంటే ఆఖరున.

బీజామృతం సంగతి మీరు అడగలేదు గానీ బావగారు అడుగుతారని నా అనుమానం. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఆవుపేడ, ఆవుమూత్రం, సున్నంతో చేసి పట్టిస్తారు. ఆయనకు నమ్మకం ఉంటే ఒక పది సాళ్లకు అదొక్కటే పట్టించి వేయనివ్వండి, పప్పు నానకుండా చిలకరించి, ఆరబెట్టి. ఒకే పప్పుకు బీజామృతమూ బూజు మందూ రెండూ పట్టించడం మాత్రం వద్దు. ఒకటి సూక్ష్మజీవులను పెంచేది, ఇంకొకటి చంపేది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట. ‘సాల్లో ఇత్తనం వేసేది నేనూ, మా తోడికోడలూ. బిడ్డలు కూడా చేన్లోనే ఉంటారు.’ మా అమ్మ కూడా మడక వెనకాలే విత్తేది. కొంగు ఒడి కట్టి, అందులో పప్పు పోసుకొని, గుప్పిట్లోంచి ఒక్కొక్కటే జారవిడిచేది. నేను పక్కనే నడుస్తూ ఆ ఒడిలో చెయ్యి పెట్టి పప్పు తినేవాణ్ణి. ఆమె కూడా నాలుగు సాళ్లకొకసారి రెండు పప్పులు నోట్లో వేసుకొనేది. ఆ రోజుల్లో పప్పుకు ఏ మందూ లేదు. మీ చేన్లో ఈసారి ఉంటుంది. చెనక్కాయకు ఇదే చిక్కు. వడ్లనో రాగులనో పచ్చిగా ఎవరూ గుప్పెడు నోట్లో పోసుకోరు, చెనక్కాయ పప్పు కనబడితే చెయ్యి దానంతటదే పోతుంది.

అందుకని గట్టిగా చెబుతున్నాను. మందు పట్టించిన పప్పు ఒడిలో పోసుకోవద్దు. చెమట పట్టిన చీరలోంచి మందు పొట్టకు, తొడలకు అంటుకుంటుంది. పాత ప్లాస్టిక్ బకెట్టో, తాడు కట్టి మెడకు తగిలించుకునే ప్లాస్టిక్ సంచీయో పెట్టుకోండి. రబ్బరు తొడుగులు వేసుకోండి, అవి లేకపోతే చేతులకు ప్లాస్టిక్ కవర్లైనా కట్టుకోండి. ఇంట్లో ఎవరైనా గర్భంతో ఉన్నా, పాలిచ్చే తల్లి అయినా ఆ పని ఆమెకు పెట్టొద్దు. విత్తే రోజు బిడ్డలను ఇంటి దగ్గర ముసలమ్మ చేతికి అప్పగించండి. కుదరకపోతే వేయించిన పప్పో, బొరుగులో వేరే డబ్బాలో తెచ్చి వాళ్ల చేతికివ్వండి. ఆకలి వేసిన బిడ్డకు ‘తినొద్దు’ అన్న మాట చాలదు. వంటింటి చాట, గిన్నె, కొలిచే శేరు ఏదీ వాడొద్దు. ఈ పనికి వాడిన బకెట్టుకు రంగు పూసి పక్కన పెట్టండి, అది మళ్లీ నీళ్లకు పోకూడదు.

సాలు చివర, మడక తిప్పే చోట పప్పు పైన పడి ఉంటుంది. నెమళ్లూ, కోళ్లూ వచ్చేది అక్కడికే. మన్ను కప్పండి. మిగిలిన పప్పును విత్తనం ఎడంగా పడిన సాళ్లలో వేసెయ్యండి, ఇంటికి తేవద్దు. చేతులు, బకెట్టు కడిగిన నీళ్లు కుంటలోకో, బోరు దగ్గరికో పోనివ్వకుండా చేను మూలన గుంత తీసి పోయండి. ఎవరికైనా వాంతులు, తల తిరగడం, ఒళ్లంతా చెమటలు పడితే ఇంటి వైద్యం చెయ్యకుండా మందు ప్యాకెట్టు చేతపట్టుకొని నేరుగా ఆసుపత్రికి పోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చెయ్యగలరు.

విత్తనశుద్ధి కాపాడేది మొదటి నెలను. తర్వాత వచ్చే ఆకుమచ్చకు, కాయ దశలో వచ్చే కాండంకుళ్లుకు అది అడ్డం పడదు. కాండంకుళ్లును మీరు గుర్తుపట్టవచ్చు: మొదట్లో తెల్లటి దారాలు, వాటి మీద ఆవగింజల్లాంటి గుండ్లు. ఆ గుండ్లు నేలలో ఏండ్ల తరబడి బతుకుతాయి. కొన్ని జబ్బులకైతే విత్తనం మీద మందు కొరగానే కొరగాదు. 1975-76 ప్రాంతంలో శ్రీకాళహస్తి వైపు కాయలు నల్లబడి చిన్నవైపోయే జబ్బు మొదలైంది, దానికి కాళహస్తి తెగులనే పేరు పడింది. కారణం చూస్తే బూజు కాదు, కంటికి కనబడని నులిపురుగు. తట్టుకునే రకాన్ని తీసుకురావడమే దారి అయింది, తిరుపతి పరిశోధన స్థానం వాళ్లు ఆ పని చేసినారు.

మీ నేల సంగతికొస్తే, అసలు చిక్కు ‘ఏటా చెనక్కాయే వేస్తాము’ అన్నచోట ఉంది. ఏటా అదే తిండి పెడితే బూజు ఏటా పెరుగుతుంది. మూడెకరాలున్నాయి కాబట్టి ఏటా ఒక ఎకరం వంతున రాగికో, సజ్జకో, జొన్నకో మార్చండి. ఎక్కువ దెబ్బ తిన్న ఎకరంతో మొదలుపెట్టండి. మీ వైపు పాడి లేని ఇల్లు తక్కువ, జొన్న వేస్తే ఆవులకు చొప్ప కూడా వస్తుంది.

పేడ ఎరువు బాగా మాగినదే తోలండి. పచ్చి పేడ వేరుపురుగుకు ఇల్లు, కాండంకుళ్లుకు తిండి. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడి చిలకరించి, చెట్టు నీడన గోనెపట్ట కప్పి రెండు వారాలు ఉంచండి. తెల్లగా బూజులా అల్లుకుంటుంది, అది మేలు చేసే బూజు, భయపడొద్దు. ఆఖరు దుక్కిలో, నేల తడిగా ఉన్నప్పుడు ఎకరానికి చల్లండి. ట్రైకోడెర్మాను కిలో పప్పుకు 10 గ్రాముల చొప్పున విత్తనానికీ పట్టించవచ్చు గానీ, టెబుకొనజోల్ పట్టించిన పప్పుకు వద్దు, ఆ మందు దీన్నీ చంపుతుంది. మీకైతే మందు పప్పుకు, ట్రైకోడెర్మా నేలకు.

వేపచెట్లను మాత్రం కొట్టెయ్యొద్దు. తొలి పెద్దవాన పడిన రోజు నుంచి నాలుగైదు రాత్రులు, ఏడెనిమిది గంటలప్పుడు చెట్టు కింద పట్ట పరిచి కొమ్మలు గట్టిగా కుదపండి. రాలిన పెంకు పురుగులను కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసెయ్యండి. ఇది ఒక్క ఇల్లు చేస్తే చాలదు, పక్క చేను వాళ్లనూ పిలవండి. బిడ్డలకు సరదాగా కూడా ఉంటుంది, ఈ పనికి వాళ్లను తీసుకుపోవచ్చు. ఎండాకాలంలో ఆ ఎకరం లోతుగా దున్నిస్తే నేలలో దాగిన పురుగు బయటపడి కొంగలకూ కాకులకూ తిండవుతుంది.

చివరగా ఒక పని. వేరుపురుగు లేని ఎకరంలో నాలుగు సాళ్లు ఏ మందూ లేకుండా వెయ్యండి, గుర్తుకు కొయ్య పాతండి. విత్తిన తర్వాత సరిగ్గా ముప్పయ్యో రోజున, ఒక మీటరు పొడవు కట్టె పట్టుకొని మందు వేసిన సాల్లో అయిదు చోట్ల, వెయ్యని సాల్లో అయిదు చోట్ల, బావగారి బీజామృతం సాల్లో అయిదు చోట్ల బతికున్న మొక్కలు లెక్కపెట్టండి. మీటరుకు పది ఉండాలి. లెక్కపెట్టేటప్పుడు బావగారిని పక్కనే ఉండమనండి. ఆ అంకెలు, విత్తిన తేదీ, ఆ రోజు వాన ఎంత పడిందన్న మాట నాకు రాసి పంపండి. వచ్చే ఏటికి ఏ ఎకరంలో ఏం మార్చాలో దాన్ని బట్టి చెబుతాను.